ఉమ్మడి చెరువు, ఎవరి మడి వారిది: కంప్యూటర్‌లో జ్ఞాపకాన్ని పంచుకోవడం



కోలారు, ముళబాగిలు, మదనపల్లె, హిందూపురం ప్రాంతాల్లో చెరువు కింద సేద్యం చేసిన ఇళ్లవాళ్లకు నీరుగంటి అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. చెరువు ఊరందరిదీ. మడి మాత్రం ఎవరిది వారిది. తూము ఎత్తాలన్నా, దించాలన్నా, ఏ కాలువకు ఎంతసేపు నీళ్లు వదలాలన్నా నీరుగంటి చెయ్యాలి. ఎంత పెద్ద రైతయినా అర్ధరాత్రి తానే వెళ్లి తూము ఎత్తుకుంటానంటే ఊరు ఒప్పుకోదు. ఒప్పుకున్న ఊళ్లలో ఏం జరిగిందో, ఎన్ని తలకాయలు పగిలాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

కంప్యూటర్ గురించి చెబుతానని చెరువు దగ్గర మొదలుపెట్టాడేమిటి అనుకోకండి. కుప్పం నుంచీ, బంగారుపేట నుంచీ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్లే మన పిల్లల్లో చాలామంది చేసే పనికీ, ఆ నీరుగంటి పనికీ దగ్గర చుట్టరికం ఉంది. "అక్కడ ఏం చేస్తావురా?" అని తాత అడిగితే "కంప్యూటర్ పని" అని మనవడు తప్పించుకుంటాడు. ఆ పనిలో ఒక ముక్కను ఇవాళ విప్పి చూద్దాం. కంప్యూటర్‌లో ఒకేసారి నడిచే అనేక పనులు ఒకే జ్ఞాపకాన్ని ఎలా పంచుకుంటాయి, పంచుకునే చోట తగవు ఎలా వస్తుంది, ఆ తగవు తీర్చడంలో బెంగళూరు ఇంజనీర్ల చెయ్యి ఎంత ఉంది అన్నది మన విషయం.

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి. ప్రోగ్రామ్ అంటే వంట పుస్తకంలో రాసిపెట్టిన పులిహోర తయారీ విధానం లాంటిది. అది బీరువాలో ఎన్నాళ్లున్నా కడుపు నిండదు. పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి వండడం మొదలుపెడితే అదొక వంట. అలా నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారు. ఒకే విధానం చూసి నాలుగు పొయ్యిల మీద నాలుగు పులిహోరలు వండవచ్చు, అప్పుడవి నాలుగు ప్రాసెస్‌లు. ఇక జ్ఞాపకం, అంటే మెమరీ. డిస్కును బీరువా అనుకుంటే మెమరీ వంటగట్టు. వండుతున్నప్పుడు సరుకులన్నీ గట్టు మీద ఉండాలి. కరెంటు పోతే గట్టు మీదివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, బీరువాలోవి నిలుస్తాయి.

ఈ గట్టును పంచిపెట్టే యజమాని పేరు ఆపరేటింగ్ సిస్టమ్. అందులో అసలు అధికారం చేతిలో ఉన్న భాగాన్ని కెర్నల్ అంటారు. అది మెమరీని చిన్న చిన్న పలకలుగా విడగొడుతుంది. ఒక్కో పలకను పేజీ అంటారు. మామూలుగా ఒక పేజీలో 4096 బైట్లు ఉంటాయి. బైటు అంటే సుమారుగా ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటు. ఏ ప్రాసెస్‌కు ఏయే పేజీలు ఇచ్చిందీ కెర్నల్ ఒక పట్టీలో రాసుకుంటుంది. అది పేజీ టేబుల్. మన గ్రామాల అడంగల్ లాంటిదే.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మీ ఊళ్లో 12వ నంబరు ఇల్లు ఉంటుంది, మా ఊళ్లోనూ 12వ నంబరు ఇల్లు ఉంటుంది. నంబరు ఒకటే, ఇళ్లు వేరు. అలాగే ప్రతి ప్రాసెస్‌కూ తనదంటూ ఒక నంబర్ల వరుస ఉంటుంది. మెమరీ అంతా తనదేననుకుంటుంది. రెండు ప్రాసెస్‌లు ఒకే నంబరు పలికినా, వాటి వాటి పట్టీలు చూసి ప్రాసెసర్ వేర్వేరు చోట్లకు తీసుకువెళుతుంది. పట్టీలో లేని నంబరు పలికితే అక్కడికక్కడే ఆ ప్రాసెస్‌ను ఆపేస్తారు. మీ ఫోన్‌లో ఒక యాప్ హఠాత్తుగా మూతపడినా పక్కన వచ్చే పాట ఆగకపోవడానికి ఈ గోడే కారణం. ఒకరి ఇంట్లో పొయ్యి పేలినా పక్కింటికి నిప్పు అంటదు.

గోడ మంచిదే. కానీ గోడకు అవతలివాడితో పని పడితేనో?

ఒక ప్రాసెస్ నుంచి మరొక ప్రాసెస్‌కు సమాచారం అందించే మామూలు మార్గం, కెర్నల్ చేతికిచ్చి పంపడం. ఇవతలి ప్రాసెస్ తన పేజీలోది కెర్నల్‌కు ఇస్తుంది, కెర్నల్ దాన్ని తన దగ్గర నకలు రాసుకుని, అవతలివారి పేజీలోకి మళ్లీ నకలు రాస్తుంది. చిన్న కబురుకు ఇది చాలు. కానీ తెర మీద కదిలే బొమ్మ సంగతి చూడండి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెర, ఒక్కో చుక్కకు 4 బైట్లు. ఒక్క బొమ్మకే సుమారు 83 లక్షల బైట్లు అయ్యాయి. సెకనుకు 60 బొమ్మలు మారాలంటే దాదాపు 50 కోట్ల బైట్లు. దీన్ని ప్రతి సెకనూ రెండేసి సార్లు నకలు రాయడమంటే, చెరువు నీళ్లను బిందెలతో మోసి మడి తడపడమే.

అందుకని ఒక ఉపాయం చేశారు. ఒకే అసలు పేజీని ఇద్దరి పట్టీల్లోనూ రాసేస్తారు. పేజీ ఒకటే, పట్టాలు రెండు. ఇక ఇవతలివాడు అక్కడ ఒక అక్షరం రాస్తే, అవతలివాడు అదే చోట దాన్ని చదువుకుంటాడు. మోత లేదు, నకలు లేదు. ఒకసారి పట్టీ రాసి ఇచ్చాక కెర్నల్ మధ్యలో తలదూర్చదు. దీన్నే షేర్డ్ మెమరీ అంటారు, మనం ఉమ్మడి జ్ఞాపకం అనుకుందాం. ప్రాసెస్‌ల మధ్య ఇంతకంటే వేగమైన మార్గం లేదనే చెప్పాలి.

1970లలో అమెరికాలో బెల్ సంస్థవారు తమ టెలిఫోన్ పనుల కోసం కొలంబస్ నగరంలో యూనిక్స్‌కు ఒక ప్రత్యేక రూపం తయారుచేసుకున్నారు. ఉమ్మడి జ్ఞాపకం యూనిక్స్‌లోకి ఆ దారినే వచ్చింది. 1983లో వెలువడిన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ ద్వారా లోకమంతా పాకింది. మీరు బ్యాంకులో డబ్బు వేసినా తీసినా, వెనక పనిచేసే ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు తమ అనేక ప్రాసెస్‌లన్నిటికీ అందేలా ఒక పెద్ద ఉమ్మడి ముక్కను పెట్టుకునే పనిచేస్తాయి.

అడగకుండానే జరిగే పంపకం కూడా ఉంది. అందరికీ కావలసిన మామూలు పనిముట్ల కోడ్‌ను కెర్నల్ మెమరీలో ఒక్క ప్రతిగానే ఉంచి, అందరి పట్టీల్లోనూ చూపిస్తుంది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులూ, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లూ కలిసి 2001లో సింప్యూటర్ అనే చేతిలో పట్టే కంప్యూటర్‌ను తీసుకువచ్చారు, గుర్తుందా? పల్లెల్లో పలువురు కలిసి వాడుకోవాలని తయారుచేసిన ఆ యంత్రం లినక్స్ మీద నడిచేది. మెమరీ పదుల మెగాబైట్లలోనే. ఇలాంటి పంపకం లేకపోతే అంత ఇరుకు గట్టు మీద ఏ వంటా సాగదు. వ్యాపారంగా సింప్యూటర్ నిలదొక్కుకోలేకపోయింది. అదొక పెద్ద కథ, మరోనాడు చెప్పుకోవచ్చు.

ఉమ్మడి జ్ఞాపకంలో కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాట్లు రెండు చెబుతాను. మొదటిది చిరునామా రాసేటప్పుడు జరిగేది. "మా వాకిట్లోంచి చూస్తే ఎడమకు మూడో ఇల్లు" అని కాగితం మీద రాసిపెడితే, మీ వాకిట్లోంచి చూసేవారికి అది వేరే ఇల్లవుతుంది. ఒకే పేజీ నా పట్టీలో ఒక నంబరు దగ్గర, మీ పట్టీలో ఇంకో నంబరు దగ్గర ఉండవచ్చు. అందుకని ఉమ్మడి ముక్కలో నంబర్లు రాస్తే ముక్క మొదలు నుంచి ఎంత దూరమో రాయాలి, ఎవరి వాకిలి నుంచీ కాదు. రెండోది, వాడుకున్నవాడు పోయినా ముక్క పోకపోవడం. సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ప్రాసెస్ చచ్చిపోయినా ఉమ్మడి ముక్క అలాగే మిగులుతుంది. తీసెయ్యమని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఈ అనాథ ముక్కలు పోగుపడి, చివరికి కొత్త ముక్క అడిగినప్పుడు "చోటు లేదు" అని సమాధానం వస్తుంది. ఆ సందేశం చూసి కుర్రాళ్లు డిస్కులో ఫైళ్లన్నీ చెరిపేస్తూ కూర్చుంటారు. నేనూ ఒక మధ్యాహ్నమంతా అదే చేశాను. నిండింది బీరువా కాదు, గట్టు మీద ఉంచగలిగిన ఉమ్మడి గిన్నెల లెక్క.

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. ఒక పొదుపు సంఘం పుస్తకం ఉందనుకోండి. నిలువ 5,000 రూపాయలు. పుస్తకం బల్ల మీద ఉంది. లక్ష్మమ్మ వచ్చి 5,000 అని చూసుకుని, తాను కట్టే 700 కలుపుకుంటూ కూడిక చేస్తోంది. అంతలో రామక్క కూడా వచ్చి అదే 5,000 చూసింది, తాను తీసుకునే 500 తీసేసి లెక్క వేస్తోంది. లక్ష్మమ్మ 5,700 అని రాసింది. మరుక్షణం రామక్క దాన్ని కొట్టేసి 4,500 అని రాసింది. ఉండవలసింది 5,200. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరి లెక్కా సరైనదే. అయినా 700 రూపాయలు మాయమయ్యాయి. చూడడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో ఇంకొకరు చొరబడడమే తప్పు. ఇంజనీర్లు దీన్ని రేస్ కండిషన్ అంటారు, పోటాపోటీ పరుగు అన్నమాట. దీంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, వెయ్యిసార్లు పరీక్షించినా కనబడకపోవచ్చు. వెయ్యిన్నొకటోసారి ఇద్దరూ ఒకే క్షణంలో బల్ల దగ్గరికి వస్తారు.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ కరెంటు పోయింది. సుమారు 5 కోట్లమంది చీకట్లో పడ్డారు. చెట్లకొమ్మలు తీగలకు తగలడం, సంస్థల మధ్య సమన్వయం లేకపోవడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. కానీ ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ అదుపు గదిలో హెచ్చరికలు మోగించే కంప్యూటర్ వ్యవస్థ ఆ మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాల తర్వాత మూగబోయింది. అక్కడి ఉద్యోగులకు ఆ సంగతి తెలియలేదు. హెచ్చరిక లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. తీగలు ఒక్కొక్కటే పనిచేయడం ఆగిపోతున్నా తెరలు మౌనంగా ఉన్నాయి. నాలుగు దాటి పది నిమిషాలయ్యేసరికి కూలిపోవడం మొదలైంది. తర్వాత ఇంజనీర్లు వారాల తరబడి లక్షలాది వరుసల కోడ్ గాలించి పట్టుకున్నదేమిటంటే, ఉమ్మడిగా ఉన్న ఒకే సమాచారపు పట్టికలోకి రెండు ప్రాసెస్‌లు ఒకేసారి రాయగలిగాయి. ఒక్క క్షణంలో లక్ష్మమ్మ, రామక్క ఇద్దరూ పుస్తకం పట్టుకున్నారు. పట్టిక పాడై, హెచ్చరిక ప్రోగ్రామ్ అంతులేని చక్రంలో పడి తిరుగుతూ ఉండిపోయింది.

దీనికి మందు మన రైలు పట్టాల మీదే ఉంది. సింగిల్ లైను మార్గాల్లో ఇంజను డ్రైవరు చేతికి స్టేషన్ మనిషి బెత్తపు వలయానికి తగిలించిన తోలుసంచి అందించడం మీలో పెద్దవారు చూసే ఉంటారు. ఆ సంచిలో ఇనుప గుండు ఉంటుంది, దాన్ని టోకెన్ అంటారు. రెండు స్టేషన్లలోని యంత్రాలు తీగతో ముడిపడి ఉంటాయి. ఒక గుండు బయట ఉండగా రెండో గుండు రాదు. గుండు చేతిలో లేకుండా బండి ఆ ముక్కలోకి అడుగుపెట్టకూడదు. అంతే, ఎదురెదురు బండ్లు గుద్దుకోవు. 1960ల మొదట్లో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా కంప్యూటర్ ప్రాసెస్‌లకు ఇలాంటి ఏర్పాటే ఆలోచించి, రైలు చేతిగుర్తు స్తంభం పేరునే దానికి పెట్టాడు. అదే సెమఫోర్. ఉమ్మడి పుస్తకం ముట్టే ముందు గుండు తీసుకోవాలి, ముట్టడం అయ్యాక తిరిగి ఇవ్వాలి. గుండు జేబులో పెట్టుకుని డ్రైవరు మాయమైతే? అంటే, గుండు పట్టుకున్న ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే? ఆ గుండును వెనక్కి రప్పించే ఏర్పాట్లు కూడా తర్వాత చేశారు. లేకపోతే మిగతా బండ్లన్నీ స్టేషన్లలో నిలబడిపోవలసిందే.

ఇక్కడే బెంగళూరు ప్రస్తావన వస్తుంది. ఒకే ప్రాసెసర్ ఉన్నప్పుడు గుండు పద్ధతి బాగానే సాగింది. ఎనిమిది, పదహారు, ముప్ఫయ్ రెండు ప్రాసెసర్లున్న యంత్రాలు వచ్చాక గుండు దగ్గరే క్యూ కట్టడం మొదలైంది. పైగా కెర్నల్ లోపల ఉండే చాలా పట్టికల్ని వేలసార్లు చదువుతారు, ఎప్పుడో ఒకసారి మారుస్తారు. చదివేవారికి కూడా గుండు ఎందుకు? అమెరికాలోని సీక్వెంట్ సంస్థలో పాల్ మెక్‌కెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ 1990లలో దీనికొక మార్గం కనిపెట్టారు. దాని పేరు ఆర్.సి.యు. అంటే చదువు, నకలు తీయి, మార్చు అని అర్థం. 1999లో ఆ సంస్థను ఐబిఎం కొన్నది. తర్వాత ఈ పద్ధతిని లినక్స్ కెర్నల్‌లో పెట్టే పనిలో ముందు నిలిచినవారు బెంగళూరులోని ఐబిఎం సాఫ్ట్‌వేర్ ల్యాబ్, లినక్స్ టెక్నాలజీ సెంటర్ ఇంజనీర్లు. దీపాంకర్ శర్మ, మనీష్ సోనీ వారిలో ముఖ్యులు. 2002 అక్టోబరులో వెలువడిన 2.5.43 కెర్నల్‌లో అది చేరింది.

ఆ పద్ధతి ఎలా ఉంటుందంటే, ఉగాదినాడు ఇంట్లో పంచాంగం మార్చడంలా ఉంటుంది. తాతయ్య అరుగు మీద పాత పంచాంగం చూస్తున్నాడు. ఆయన చేతిలోంచి లాక్కుని, పేజీలు దిద్ది, తిరిగి ఇస్తామా? ఇవ్వం. కొత్త పంచాంగం పూర్తిగా తయారుచేసి మేకుకు తగిలిస్తాం. ఇకమీదట వచ్చి చూసేవారంతా కొత్తదే చూస్తారు. తాతయ్య మాత్రం పాతదే చూసుకుంటూ ఉంటాడు, ఆయన్ను కదిలించం. ఆయన చూడడం ముగించాక పాతది తీసి పక్కన పడేస్తాం. చదివేవారెవరూ ఎవరి కోసమూ ఆగలేదు, గుండు అడగలేదు.

అసలు కిటుకు చివరి మెట్టులో ఉంది. పాతది చదివేవారంతా ముగించారని తెలియడమెలా? చదివే ప్రతివారి పేరూ రాసుకుంటే మళ్లీ క్యూ తప్పదు. అందుకని కెర్నల్‌లో ఒక కట్టుబాటు పెట్టారు. చదువుతున్నంతసేపూ అరుగు మీంచి లేవకూడదు, అంటే ప్రాసెసర్‌ను ఇంకో పనికి వదలకూడదు. కాబట్టి కొత్తది తగిలించాక ప్రతి అరుగు మీదివారూ ఒక్కసారైనా లేచారని తెలిస్తే చాలు. పాత పంచాంగం ఎవరి చేతిలోనూ లేదని నిర్ధారణ అయినట్లే. ప్రతి ప్రాసెసర్ ఒకసారి పని మారిందో లేదో చూడడం కెర్నల్‌కు తేలిక. ఎంత తెలివైన నిరీక్షణో చూడండి!

ఫైళ్ల పేర్లు వెదికే పట్టికకు దీన్ని వర్తింపజేసిన పనిలోనూ బెంగళూరువారి పాత్ర ముఖ్యమైనది. మీ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే, దాని అడుగున లినక్స్ కెర్నల్ ఉంటుంది. ఫోటో ఒకటి తెరిచినా ఆ పేరు వెదకడంలో ఈ పద్ధతి పనిచేస్తుంది. అయితే ఒక మాట. చదివేవారికి కాసేపు పాత సంగతి కనబడినా ఫరవాలేదనుకునే చోటే ఇది పనికివస్తుంది. పొదుపు సంఘం నిలువకు ఇది పనికిరాదు, అక్కడ గుండు ఉండవలసిందే. కొత్త పద్ధతి నేర్చుకున్న ఉత్సాహంలో దాన్ని అన్నిచోట్లా వాడెయ్యాలనుకునేవారికి ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

మరొక తగవు మిగిలింది. ఉమ్మడి పేజీ లెక్క ఎవరి ఖాతాలో రాయాలి? ఒకే పెద్ద యంత్రాన్ని పలు సంస్థలకు వాటాలుగా అద్దెకిచ్చే రోజులు వచ్చాయి. ఎవరి వాటాకు ఎంత మెమరీ అని హద్దు పెట్టాలి. విడి పేజీల లెక్క సులువు. ఉమ్మడి పేజీని ఇద్దరికీ చెరి సగం రాద్దామా అంటే, మూడోవాడు చేరినప్పుడల్లా, ఒకడు వెళ్లినప్పుడల్లా అన్ని ఖాతాలూ తిరగరాయాలి. ఆ లెక్కలకే యంత్రం అలసిపోతుంది. ఐబిఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్‌కే చెందిన బల్బీర్ సింగ్, ఓపెన్‌విజెడ్ బృందానికి చెందిన పావెల్ ఎమెల్యానోవ్ తదితరులు తయారుచేసిన మెమరీ కంట్రోలర్ 2008 ఏప్రిల్‌లో 2.6.25 కెర్నల్‌తో వచ్చింది. వారు పెట్టిన నియమం సూటిగా ఉంది. ఎవరు ఆ పేజీని మొదట ముట్టుకుంటే వారి ఖాతాలోనే దాన్ని రాస్తారు. తర్వాత వచ్చి వాడుకునేవారికి ఉచితమే.

ఇదేం న్యాయమని అనిపిస్తుంది. పొద్దున్నే లేచి ఉమ్మడి బోరు మోటారు వేసినవాడి మీటరే తిరిగితే, ఆలస్యంగా లేచినవాడికి లాభం కదా? నిజమే. కానీ ఆ నియమంలో ఒక సర్దుబాటు దాగి ఉంది. మొదట ముట్టుకున్నవాడు ఆ పేజీని వాడడం మానేశాడనుకోండి. వాడి వాటా నిండినప్పుడు కెర్నల్ వాడని పేజీల్ని ఏరి ఖాళీ చేయిస్తుంది, వాడి ఖాతాలోంచి లెక్క తీసేస్తుంది. ఆ తర్వాత ఆ పేజీ ఎవరికి గట్టిగా అవసరమో వాడు దాన్ని మళ్లీ తెప్పించుకుంటాడు. ఈసారి మొదట ముట్టుకున్నవాడు వాడే, లెక్క వాడి ఖాతాలోకే వెళుతుంది. పైసాతో సహా సరిపోయే లెక్క కాదు కానీ, కొన్నాళ్లకు ఎక్కువగా వాడేవాడి మీదికే భారం జరుగుతుంది. చెరి సగం పద్ధతి పెట్టి ప్రతి క్షణం పద్దులు తిరగరాసేకంటే ఇదే నయమని వారు తేల్చారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మీ ఇంట్లో ఈ పని చేసే పిల్లలుంటే, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఉమ్మడి పేజీ లెక్క ఎవరి ఖాతాలో రాస్తారో అడిగి చూడండి.